ముందు నీడ, తరువాత ముస్తాబు

(నెల్లూరులో సొంత ఇల్లు కట్టుకోబోతున్నవారి కోసం జరిగిన సభలో ఒక ఆర్కిటెక్టు చేసిన ప్రసంగం, చివర వచ్చిన ప్రశ్నలకు జవాబులతో)

సభకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఈ ఏడాదో వచ్చే ఏడాదో ముగ్గు పోయబోతున్నవారే. కొందరికి ఇప్పటికే పిల్లర్లు లేచి ఉంటాయి. నెల్లూరు వారితో పాటు ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి, కనిగిరి వైపు నుంచి కూడా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. మీ అందరికీ ఒకే మాట చెప్పాలని వచ్చాను. మన ప్రాంతంలో ఇల్లు కట్టేటప్పుడు డబ్బు ముందు కప్పు మీద, పడమటి గోడ మీద, కిటికీల మీద పెట్టాలి. ఆ మూడూ కుదిరాక మిగిలింది ఇంటి ముఖానికి ఖర్చు చేయండి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు.

నా దగ్గరకు వచ్చే దంపతులు కూర్చోగానే ఫోను తీసి ఒక బొమ్మ చూపిస్తారు. "మేడం, మాకు ఈ ఎలివేషన్ కావాలి" అంటారు, అంటే ఇంటి ముందు ముఖం. ఎన్ని గదులు కావాలో, ఇంట్లో ఎవరెవరు ఉంటారో, స్థలం ఏ ముఖమో ఇంకా మాట్లాడి ఉండరు. ఆ బొమ్మలన్నీ దాదాపు ఒకే పోలిక. ముదురు బూడిద రంగు గోడలు, నల్లని కిటికీ చట్రాలు, ఒక పక్క చెక్కలా కనిపించే హెచ్‌పీఎల్ షీట్లు, హాలుకు రెండంతస్తుల ఎత్తు అద్దం, పైన కడ్డీల పందిరిలాంటి పెర్గోలా, అంచుల్లో దాచిన ఎల్‌ఈడీ దీపాలు. అందంగా ఉంటాయి, కాదనను. జీవితమంతా కూడబెట్టినది పెట్టి కట్టుకునే ఇల్లు చూడముచ్చటగా ఉండాలనుకోవడం న్యాయమైన కోరిక. అయితే ఆ బొమ్మల్లో చాలా వరకు ఎండ కోసం ఎదురుచూసే చలి దేశాలవి, లేదంటే బెంగళూరు వంటి మెత్తని వాతావరణం ఉన్న చోట్లవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పుకున్న నేల మనది. అంత పెద్ద అద్దాన్ని పడమర వైపు పెట్టుకుని, దానికి లోపల మందపాటి కర్టెన్లు వేసుకుని, పగలంతా లైట్లు వేసుకుని బతుకుతున్న కుటుంబాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ముందు కప్పు సంగతి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

మూలాపేటలోనూ స్టోన్‌హౌస్‌పేటలోనూ ఇంకా అక్కడక్కడా పాత మిద్దెలు నిలిచి ఉన్నాయి. మనకు మద్రాసు దగ్గర కాబట్టి అక్కడి మద్రాసు మిద్దె పద్ధతే ఇక్కడికీ వచ్చింది. వీలుంటే ఒకసారి అటువంటి ఇంట్లోకి వెళ్ళి తల పైకెత్తి చూడండి. వరుసగా టేకు దూలాలు కనిపిస్తాయి. వాటి మీద పలుచని చిన్న ఇటుకలను పక్కకు నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో, సున్నంతో పేర్చారు. ఆ ఇటుకల మీద ఇటుక జల్లి, సున్నం కలిపిన కాంక్రీటు మందంగా పరిచారు. దాన్ని చెక్క బాదుళ్ళతో రోజుల తరబడి కూలివాళ్ళు వరుసగా కూర్చుని కొట్టేవారు. కొట్టేటప్పుడు బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లేవారు. ఆ పైన చదును పెంకులు అతికించేవారు. ఇంత మందమైన కప్పు పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తులో ఉండేది. గోడల్లో కప్పుకు కాస్త కిందుగా చిన్న గవాక్షాలు ఉండేవి, పైకి చేరిన వేడిగాలి వాటిలోంచి వెళ్ళిపోయేది. ఆ ఇళ్ళు చల్లగా ఉండటం వెనక ఉన్నది ఈ పనితనం, ఈ మందం, ఈ ఎత్తు.

మనం స్లాబుకు మారడానికి బలమైన కారణం ఉంది. తాటాకు కప్పులు లేచిపోవడం, పెంకులు ఎగిరిపోవడం ఈ తీరానికి తెలియనివి కావు. 1979 మే నెలలో వచ్చిన తుపాను నెల్లూరు, ప్రకాశం తీరం మీదే విరుచుకుపడింది. ఆ రాత్రి గుర్తున్న పెద్దలు ఈ సభలో ఉండే ఉంటారు. అటువంటివారికి స్లాబు అంటే ధైర్యం, పిల్లలకు ఇచ్చే భద్రత. కాబట్టి స్లాబు వద్దని నేను అనను. స్లాబును అలా బట్టబయలుగా ఎండకు వదిలేయవద్దని మాత్రమే అంటాను.

ఇప్పుడు మనం వేసేది నాలుగున్నర, ఐదు అంగుళాల స్లాబు, పది అడుగుల ఎత్తులో. కాంక్రీటు వేడిని త్వరగా లోపలికి పంపుతుంది, పైగా దాచుకుంటుంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి స్టూలు ఎక్కి, పై అంతస్తు పడకగది స్లాబును అరచేత్తో తాకి చూడండి. సూర్యుడు పోయి రెండున్నర గంటలు దాటినా చెయ్యి వెచ్చగా తగులుతుంది. ఆ వేడి అర్ధరాత్రి దాకా మంచం మీద పడుకున్నవారి మీదకు దిగుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే కిందికి వస్తుంది. ఏసీ వేస్తే దాని శ్రమలో చాలా భాగం ఆ స్లాబును చల్లార్చడానికే పోతుంది, బిల్లు మీరు కడతారు.

కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ఇళ్ళ కోసం 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళిని తెచ్చింది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పు గుండా ఒక చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదని అందులో ఉంది. మన మామూలు స్లాబుకు ఆ లెక్క 3 దాటుతుంది. అంటే ఉండాల్సిన దానికి రెండున్నర రెట్ల పైమాటే. ఈ నియమావళిని 2018లో 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు ఉద్దేశించారు. అంకణం అంటే 72 చదరపు అడుగులు అనే మన లెక్కలో దాదాపు 75 అంకణాలు. ఇరవై, ముప్పై అంకణాల్లో కట్టుకునే మనల్ని ఏ అధికారీ వచ్చి అడగడు. అడగకపోయినా ఆ అంకెను మీ ఇంజనీరు ముందు పెట్టండి, ఎందుకంటే ఎండకు స్థలం కొలతతో పని లేదు.

దీనికి దారులున్నాయి, అన్నీ మన ఊళ్ళో దొరికేవే. స్లాబు మీద ఒక అంగుళం మందం ఉన్న, వేడిని ఆపే థర్మోకోల్ లాంటి ఎక్స్‌పీఎస్ బోర్డు పరిచి, దాని మీద కాంక్రీటు పొర, టైల్సు వేస్తే ఆ 1.2 లోపలికి దిగుతుంది. రెండంగుళాలు వేస్తే ఇంకా మంచిది. బోర్డు వేయడానికి చేయి ఆడనివారు తెల్లని టైల్సు గానీ, పగిలిన తెల్ల పింగాణీ ముక్కలతో చైనా మొజాయిక్ గానీ వేయించవచ్చు. అదీ కుదరకపోతే ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించండి. పై అంతస్తు గదిలో రెండు మూడు డిగ్రీల తేడా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త. ఏడాదికోసారి వేసవికి ముందు ఆ తెలుపును రుద్ది కడగాలి. దుమ్ము పేరుకున్న తెలుపు పని చేయదు. ముందు గోడకు వేసే హెచ్‌పీఎల్ షీట్ల ఖర్చు, మేడ మీద వేసే ఇన్సులేషన్ ఖర్చు పక్కపక్కన రాసి చూసుకోండి. ఏది నలభై ఏళ్ళు మీకు ఉపయోగపడుతుందో మీరే నిర్ణయించుకోండి.

ఇక ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చూద్దాం. ఎండ అంతా దక్షిణం నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదకు వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఒంగోలుకు నాలుగైదు రోజుల తేడా. మండు వేసవిలో మన దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు, ఉత్తరపు గోడకు తగులుతుంది. అదీ నడి మధ్యాహ్నం దాదాపు నిలువుగా పడుతుంది కాబట్టి ఒక్క అడుగు సన్‌షేడు ఉన్నా ఆ వేళ ఉత్తరపు కిటికీ అంతా నీడలో ఉంటుంది. దక్షిణానికి రెండడుగులు ఇస్తే చాలు.

చిక్కంతా తూర్పు, పడమరలతో. ముఖ్యంగా పడమరతో. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు దిక్చక్రానికి 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పడమటి కిటికీకి మీరు రెండడుగుల సన్‌షేడు వేశారనుకోండి, ఆ వేళకు అది ఇచ్చే నీడ ఒక్క అడుగు. మిగతా కిటికీ గుండా ఎండ నేరుగా మంచం మీదకు వస్తుంది. పైన ఎంత వెడల్పు షేడు వేసినా పడమటి ఎండ కింద నుంచి దూరుతుంది. దాన్ని ఆపాలంటే నిలువుగా అడ్డం ఉండాలి. చిల్లులున్న జాలీ గోడ, వరండా, చెట్టు, బయటి మెట్లు, బాత్రూము ఏదైనా సరే.

ఇక్కడే వాస్తు వస్తుంది. మనవాళ్ళు యజమాని పడకగదిని నైరుతిలో పెట్టమంటారు. ఇంట్లో సాయంత్రానికి అందరికన్నా ఎక్కువ వేడెక్కే మూల అదే. దక్షిణ, పడమర రెండు గోడలూ బయటవే, పైగా పడమర ఎండంతా దాని మీదే. వాస్తును వదిలేయమని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో అత్తయ్యకో నాన్నగారికో మనసు కుదుటపడకపోతే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. వాస్తు చెప్పే మరో మాటను గట్టిగా పట్టుకోండి, నైరుతిలో బరువు ఉండాలంటారు కదా. ఆ బరువును పడమటి గోడకే పెట్టండి. గది లోపల ఆ గోడ పొడవునా బీరువాలు, వార్డ్‌రోబ్ రానివ్వండి. మెట్లు దక్షిణానికో పడమరకో వేసుకోవచ్చంటారు, అయితే బయటి మెట్లను ఆ గోడకే ఆనించండి. కిటికీని పడమరకు చిన్నదిగా ఉంచి, పెద్దది దక్షిణానికి తిప్పండి. వాస్తు ప్రకారం పడమరకు ఖాళీ తక్కువ వదులుతాం కాబట్టి చెట్టుకు చోటు ఉండదు. అప్పుడు గోడకు ఒక అడుగు ఎడంగా టెర్రకోట జాలీ లేపితే ఎండ దాని మీదే ఆగిపోతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. ఈ మధ్య జాలీలు మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి, నాకు చాలా సంతోషం. కానీ చాలా ఇళ్ళలో వాటిని వీధి వైపు అలంకారంగా పెడుతున్నారు. వీధి పడమరకు ఉంటే సరే, లేకపోతే ఆ జాలీకి పని లేదు.

గోడల గురించి రెండు ముక్కలు. కృష్ణపట్నం థర్మల్ కేంద్రం పుణ్యమా అని మనకు బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక దగ్గర్లోనే దొరుకుతుంది, బలంగా, సమానమైన కొలతలతో ఉంటుంది. పడమటి గోడ వరకు మాత్రం ఏఏసీ అనే తేలిక కాంక్రీటు బ్లాకులు వాడటం మంచిది. వాటిలో గాలి బుడగలు ఉండటం వల్ల వేడి నెమ్మదిగా దిగుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీని పెట్టుకోండి. మామూలు ఇటుకలా తడిపి, మామూలు మందంలో పూత పూస్తే బీటలు వస్తాయి.

గాలి విషయానికి వద్దాం. వేసవి మధ్యాహ్నాల్లో మనకు పడమటి వడగాలి, ఆ తరువాత సముద్రం నుంచి తూర్పు గాలి. ఆ తూర్పు గాలి కోసం ఒకప్పుడు ఊరంతా అరుగుల మీద కూర్చుని ఎదురుచూసేది. దాన్ని ఇంట్లోకి తీసుకోవాలంటే తూర్పున లోపలికి రావడానికి ఒక కిటికీ, ఎదుటి వైపు బయటికి పోవడానికి మరో దారి ఉండాలి. ఇప్పుడు ప్రతి పడకగదికీ ఒక పక్క బాత్రూము, మరో పక్క వార్డ్‌రోబ్ వచ్చి, గదికి ఒక్క కిటికీయే మిగులుతోంది. ఒక్క కిటికీ ఉన్న గదిలోకి గాలి రాదు. పోవడానికి దారి లేదు కదా.

ఎకో నివాస్ సంహితలోనే మరో అంకె ఉంది. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీలు, బయటి తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. ఇంటి మొత్తానికి చూసే ఈ లెక్కను ఒక గదికి వేసి చూద్దాం. పన్నెండు బై పన్నెండు గది అంటే 144 చదరపు అడుగులు, అందులో ఆరో వంతు 24. నాలుగు బై నాలుగు కిటికీలు రెండు పెట్టాం, 32 వచ్చింది కదా అనుకుంటాం. ఇప్పుడు అందరూ పెడుతున్నది స్లైడింగ్ యూపీవీసీ కిటికీ. అది తెరిస్తే సగమే తెరుచుకుంటుంది, మిగతా సగానికి అద్దం అడ్డంగా నిలబడే ఉంటుంది. కాబట్టి మీకు వచ్చేది 16 అడుగులే. అదే రెక్కలు పూర్తిగా తెరుచుకునే కిటికీ అయితే 32కు 32 గాలే. పాత ఇళ్ళ కిటికీలకు రెక్కలు ఎందుకు ఉండేవో ఇప్పుడు తెలుస్తుంది. దోమల సంగతి నేను మరచిపోలేదు. నెల్లూరులో కిటికీ అంటే దోమతెరతో కలిపే లెక్క. రెక్కలు బయటికి, దోమతెర లోపలికి తెరుచుకునేలా చేయించండి, వడ్రంగికి చెబితే చేస్తాడు. మనకు వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యం నుంచి, గాలితో కొడుతూ వస్తుంది. తూర్పు, ఉత్తరం కిటికీలకు సన్‌షేడు మరి కాస్త ముందుకు ఉంచి, అంచుకు నీరు కారిపోయే గాడి తీయించండి.

మండువా మళ్ళీ వస్తోంది. కొత్త ఇళ్ళలో మధ్యన చిన్న ఖాళీ వదిలి, నేల మీద గులకరాళ్ళు పోసి, ఒక మొక్క పెడుతున్నారు. మంచి ఆలోచన. అయితే వాన వస్తుందని, దొంగలు వస్తారని, కోతులు దిగుతాయని పైన పాలికార్బొనేట్ షీటు బిగించేస్తున్నారు. దాంతో అది మూత పెట్టిన గిన్నె అవుతుంది. ఎండ లోపలికి దిగుతుంది, వేడి పైకి పోదు. షీటు తప్పదనుకుంటే చుట్టూ గోడల కన్నా ఒకటిన్నర అడుగు పైకి లేపి, నాలుగు పక్కలా గ్రిల్లూ దోమతెరా పెట్టి వదిలేయండి. రెండంతస్తుల ఎత్తు హాలుకూ ఇదే మాట. పై భాగంలో వేడి పోవడానికి గవాక్షాలు ఉంటే ఆ ఎత్తు మేలు చేస్తుంది, మొత్తం అద్దంతో మూస్తే కీడు చేస్తుంది. ఫాల్స్ సీలింగు గురించి చాలామంది అడుగుతారు. పది అడుగుల గదిలో దాన్ని మొత్తం దించవద్దు, అంచుల వరకు చాలు.

రాయి గురించి మాట్లాడకుండా మన ప్రాంతంలో ఇంటి గురించి మాట్లాడలేం. ఒంగోలు దగ్గర చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతటా వెళ్తోంది. నల్లని రాయిలో బంగారు చుక్కలు, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వంటింటి గట్టు మీద ఆ రాయి పరిచి, కిటికీ వెలుగు ఏటవాలుగా పడేలా చూసుకుంటే ఏ దీపాలంకారమూ దాని ముందు నిలవదు. అక్కడ వాడండి, మనసారా వాడండి. కానీ అదే రాయిని అద్దంలా పాలిష్ చేసి గేటు నుంచి గుమ్మం దాకా పరుస్తున్నారు. ఎండలో దాని మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేం, వానలో జారుతుంది. బయట వాడేటట్లయితే మంటతో గరుకు చేసిన రాయి తీసుకోండి. మెట్ల అంచులకు గాడులు తీయించండి. ఇక మార్కాపురం పలక రాయి. ఒకప్పుడు తెలుగు పిల్లలంతా దాని మీదే అక్షరాలు దిద్దారు. బడి పలకల గిరాకీ తగ్గిపోయాక ఆ రాయి ఇప్పుడు గోడల తాపడానికి విదేశాలకు వెళ్తోంది. మనం మాత్రం రాయిలా కనిపించే టైల్సును ఎక్కడి నుంచో తెప్పించుకుని గోడలకు అతికిస్తున్నాం. మార్కాపురం రాయి మన గడప దగ్గరే ఉంది, దాన్ని అడగండి.

వంటిల్లు త్వరగా ముగిస్తాను. హాలుకు గోడ లేని ఓపెన్ కిచెన్ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. చేపల పులుసు మరిగే ఊళ్ళో ఆ వాసన సోఫా కవర్లకు పట్టి వారం రోజులు ఉంటుంది. అందుకే ఇప్పుడు రెండు వంటిళ్ళ పద్ధతి వస్తోంది. ముందు కాఫీ, టిఫిను వరకు తెరిచి ఉన్న చిన్న గట్టు, వెనక తలుపూ పెద్ద కిటికీ ఉన్న అసలు వంటిల్లు. చోటు ఉంటే చేసుకోండి. చోటు ఒక్కదానికే ఉంటే అసలు వంటింటినే గాలీ వెలుతురూ ఉండేలా పెద్దది చేయండి. రోజుకు నాలుగైదు గంటలు అమ్మలు నిలబడే గది అది, ఇంట్లో అతి ఇరుకైన గది కాకూడదు.

ఇప్పుడు కంటికి కనిపించని విషయం, ఉప్పు. కొత్తపట్నం, మైపాడు వంటి తీరపు ఊళ్ళలో, రొయ్యల చెరువులున్న ఇందుకూరుపేట, అల్లూరు వైపు ఇల్లు కట్టేవారు బాగా వినండి. స్లాబు పెచ్చులూడి లోపల తుప్పు పట్టిన కమ్మీలు కనిపించే ఇళ్ళు మీరంతా చూసే ఉంటారు. కాంక్రీటు గుండా ఉప్పు కమ్మీని చేరడమే దానికి కారణం. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట స్లాబు కమ్మీ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు చాలు. తీరం వెంట తీవ్రమైన పరిస్థితుల్లో 45 ఉండాలి. మనవాళ్ళు కమ్మీ కింద చేతికి దొరికిన కంకర ముక్క పెట్టి లేపుతారు. కాంక్రీటు పోసి వైబ్రేటరు పెట్టగానే ఆ ముక్క జారిపోతుంది, కమ్మీ వెళ్ళి సెంటరింగ్ షీటుకు ఆనుకుంటుంది. సిమెంటు కవరు బ్లాకులు అతి తక్కువ ఖర్చు. స్లాబు వేసే ముందు రోజు సాయంత్రం మీరే వెళ్ళి, కమ్మీల కింద అవి ఉన్నాయో లేదో వంగి చూడండి. రెండోది నీరు. కమ్మీ ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. మీ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయా? అయితే పరీక్ష చేయించకుండా వాటితో స్లాబు వేయకండి. ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పించుకోండి.

2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు నెల్లూరులో ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా వేసిన ప్రతిసారీ సీసీ రోడ్డు ఎత్తు పెరుగుతోంది, పాత ఇళ్ళు గుంటలో పడుతున్నాయి. అందుకని కొత్తగా కట్టేవారు బేస్‌మెంటును మూడు, నాలుగు అడుగులు లేపుతున్నారు. అవసరమే. కానీ ఆ ఎత్తు ఎక్కవలసినవారు ఎవరు? పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, డబ్బు పంపి డూప్లెక్స్ కట్టిస్తారు. అందులో ఉండేది అరవై, డెబ్బై దాటిన ఇద్దరు. చక్రాల కుర్చీ సులభంగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. మూడు అడుగులకు 36 అడుగులు, మన స్థలాల్లో కుదరదు. అందుకని ఎత్తును రెండుగా విడగొట్టండి. గేటు దగ్గర వాలుగా కొంత ఎక్కించి, పోర్టికో నుంచి ఆరంగుళాలు మించని మెట్లు, అడుగు వెడల్పున, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలతో పెట్టండి. మొదటి మెట్టు పక్కన ఒక అరుగు కట్టండి. ఊపిరి తీసుకోవడానికి కూర్చోవచ్చు, పక్కింటి వారు వస్తే మాట్లాడుకోవచ్చు.

కింద అంతస్తులో తప్పనిసరిగా ఒక పడకగది, దానికి ఆనుకుని బాత్రూము ఉండాలి. బాత్రూము తలుపు రెండున్నర అడుగులు పెట్టడం మన అలవాటు. మూడడుగులు పెట్టండి, బయటికి తెరుచుకునేలా పెట్టండి. లోపల పడిపోయినవారు తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపు తీయలేం. నేలకు నిగనిగలాడే టైల్సు వద్దు, గరుకువి వేయండి. కమోడ్ పక్క గోడకు కడ్డీ ఇప్పుడు బిగించకపోయినా, దాన్ని మోసే బలం ఆ గోడకు ఉండేలా చూడండి. పై అంతస్తుకు మెట్లను బయటి నుంచి కూడా వెళ్ళేలా పెడితే, రేపు ఆ భాగాన్ని అద్దెకు ఇచ్చుకోవచ్చు, మూసి ఉంచుకోవచ్చు. ఇంటికి తోడుగా ఒక కుటుంబం ఉంటే ఆ ఇద్దరికీ ధైర్యం.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇక మీరు అడగండి.

ప్రశ్న: అమ్మా, మాది ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నర స్థలం. ఒక హాలు, ఒక గది. మీరు చెప్పినవి మాలాంటివారికి ఎలా కుదురుతాయి?

అయ్యా, మంచి ప్రశ్న అడిగారు. ఎండ బాధ మీకే ఎక్కువ, ఎందుకంటే చిన్న ఇంట్లో తప్పించుకుని కూర్చోవడానికి మరో గది ఉండదు. మీరు ముందు మేడ మీద ఉగాది ముందు రెండు పూతలు సున్నం వేయించండి. ఏటా వేసుకోవాలి, ఖర్చు తక్కువ. రెండోది, ఎదురెదురు గోడల్లో పైకప్పుకు అడుగు కిందుగా రెండు వెంటిలేటర్లు పెట్టించండి. కట్టేటప్పుడు అయితే దాదాపు ఖర్చు లేదు, కట్టాక గోడ పగలగొట్టాలి. మూడోది, పడమటి గోడకు ఒక అడుగు ఎడంగా సరుగుడు కర్రలు పాతి, తీగలు కట్టి, చిక్కుడో దొండో పాకించండి. నీడకు నీడ, కూరకు కూర. మెట్లు పెట్టుకోవాలనుకుంటే వాటిని కూడా ఆ గోడకే పెట్టండి. పెద్ద ఇళ్ళవారు లక్షలు పెట్టి చేసే పనినే మీరు ఈ మూడింటితో చేస్తున్నారు.

ప్రశ్న: మేడం, సోలార్ పెట్టించాలనుకుంటున్నాం. ఇల్లు ఇంకా పునాది దగ్గరే ఉంది. ఇప్పుడే ఏమైనా చూసుకోవాలా?

తప్పకుండా చూసుకోవాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78,000 రూపాయలు రాయితీ ఉంది. అంతకన్నా పెద్దది పెట్టినా రాయితీ అంతే. మూడు కిలోవాట్లు మన ఎండకు సగటున రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. వాటికి మేడ మీద సుమారు నాలుగు అంకణాల చోటు, నీడ పడని చోటు, కావాలి. కాబట్టి నీళ్ళ ట్యాంకును, మెట్ల గదిని ప్లానులోనే ఉత్తరానికో వాయవ్యానికో జరిపించండి. దక్షిణాన ఎత్తుగా ఏదైనా ఉంటే శీతాకాలంలో దాని నీడ సోలార్ పలకల మీద పడుతుంది. పలకల కింద స్లాబుకు కూడా నీడ వస్తుంది, అందుకని పై అంతస్తులో మీరు పడుకునే గది నెత్తినే వాటిని పెట్టించండి. మీటరు పెట్టె నుంచి మేడ దాకా ఒక ఖాళీ పైపును గోడ కట్టేటప్పుడే వేయించండి, తరువాత గోడ కోయనక్కర్లేదు. స్టాండు ఎత్తుగా పెట్టుకుంటే కింద బట్టలు ఆరేసుకోవచ్చు, కానీ మనది తుపాను తీరం. స్టాండు కాళ్ళను స్లాబు మీద నాలుగు బోల్టులతో బిగించి వదిలేయకూడదు, అవి పిల్లర్ల నెత్తి మీదకే రావాలి. మీ మేస్త్రీ గారితో ఇప్పుడే మాట్లాడి, ఆ నాలుగైదు పిల్లర్లను స్లాబు పైకి ఒక అడుగు లేపించి, బోల్టులను కాంక్రీటులోనే నిలబెట్టించండి. కమ్మీలను బయటికి వదిలేయవద్దు, ఉప్పు గాలికి తుప్పు పడతాయి.